లారీకి డ్రమ్ బ్రేకా, డిస్క్ బ్రేకా? మోండా మార్కెట్ సందులో మొదలైన కథ

ఈ ఎపిసోడ్ మొత్తం బ్రేకుల గురించే. బైకు బ్రేకులు కాదు, కారు బ్రేకులు కూడా కాదు. 55 టన్నుల ట్రైలర్‌ని ఆపే బ్రేకులు. "మనకెందుకు ఇది, మేమేమన్నా లారీలు కొంటున్నామా" అనుకోకండి. కొనేది మా బావ. కానీ ఆ లారీ ముందు స్కూటీ మీద వెళ్ళేది మీరూ నేనూ.

విషయం ఏంటంటే, మా బావ కరీంనగర్ వైపు గ్రానైట్ బ్లాకులు మోయడానికి కొత్త ట్రైలర్ బండి తీసుకుందామని చూస్తున్నాడు. ఒక రోజు ఫోన్ చేసి, "నువ్వు బీటెక్ చదివినవ్ కదా, డిస్క్ తీసుకోవాల్నా, డ్రమ్ తీసుకోవాల్నా చెప్పు" అన్నాడు. నేను చదివింది కంప్యూటర్ సైన్సు. అయినా మన ఇళ్ళల్లో బీటెక్ అంటే ఫ్యాన్ రెగ్యులేటర్ దగ్గర్నుంచి రాకెట్ వరకూ అన్నీ తెలిసుండాలి కదా. రెండు వారాలు చదివాను. తర్వాత కెమెరా పట్టుకుని పొద్దున్నే 5 గంటలకు మోండా మార్కెట్‌కి వెళ్ళాను.

మోండా మార్కెట్ ఎందుకంటే, మా ఇంట్లో లారీ కథలన్నీ అక్కడే ముగుస్తాయి. మా మేనమామ, అంటే ఈ బావ వాళ్ళ నాన్న, 1990లలో ఆగ్రా ఆలుగడ్డ లోడు తెచ్చి దింపింది అక్కడే. ఇప్పుడు మోండాలో కనిపించేది ఎక్కువగా చిల్లర కూరగాయల వ్యాపారం, దాని చుట్టూ కిరాణా, పూజ సామాను. హోల్‌సేల్ మార్కెట్ బోయిన్‌పల్లికి వెళ్ళిపోయింది. ఎందుకు వెళ్ళిందో మోండా సందుల్లో ఒక్కసారి నడిస్తే మీకే అర్థమవుతుంది. ఆ వీధులు ఎడ్లబండికీ తోపుడు బండికీ వేసినవి. సికింద్రాబాద్ స్టేషన్ 1874లో వచ్చింది, మార్కెట్ నుంచి నడుచుకుంటూ వెళ్ళిపోవచ్చు. దూరం సరుకు రైల్లో, దగ్గర సరుకు బండ్ల మీద వచ్చేది. అలాంటి చోటికి పది చక్రాల లారీ వస్తే ఎక్కడ తిప్పుతారు?

ఇంకో కారణం కూడా ఉంది. మోండా నుంచి ఆర్.పి. రోడ్డు మీదుగా కొంచెం ముందుకెళ్తే రాణిగంజ్. బేరింగులు, పంపులు, బోల్టులు, లారీ స్పేర్లు, ఏం కావాలన్నా అక్కడే. ఆ పక్క సందుల్లోనే బ్రేక్ లైనింగ్ కొట్టే చిన్న చిన్న దుకాణాలు ఉంటాయి. పాత బ్రేక్ షూ తీసుకెళ్తే అరిగిపోయిన లైనింగ్ పీకేసి, కొత్తది రివెట్లతో బిగించి ఇస్తారు. సెల్‌ఫోన్ స్క్రీన్ మార్చినంత మామూలుగా చేస్తారు ఆ పని. నేను కలవాలనుకున్న మనిషి అలాంటి ఒక దుకాణంలో ఉన్నాడు. పేరు చెప్పొద్దన్నాడు కాబట్టి ఆయన్ని అన్న అనే పిలుస్తాను. ఒకప్పుడు మా మామ దగ్గర క్లీనర్. కుడి కాలు కొంచెం ఈడుస్తూ నడుస్తాడు.

ఆ కాలు కథ ముందు చెప్పాలి.

ఆదిలాబాద్ నుంచి నిర్మల్‌కి వచ్చే పాత 7వ నంబరు హైవేలో మహబూబ్ ఘాట్ ఉంది. ఇప్పుడు ఆ దారి 44వ నంబరు హైవే, నాలుగు లైన్లు పడ్డాయి, కొత్త దారిలో వెళ్ళేవాళ్ళకి పాత ఘాట్ మలుపులు తెలియవు. మామ కాలంలో మాత్రం ఆగ్రా నుంచి నాగ్‌పూర్ మీదుగా వచ్చే ప్రతి లోడూ ఆ మలుపుల్లో దిగాల్సిందే. ఆ రోజు మామ ఒక తప్పు చేశాడు. అప్పట్లో డ్రైవర్లు చాలామంది చేసిన తప్పే. డీజిల్ మిగులుతుందని పైనుంచే బండి న్యూట్రల్ చేసేశాడు. మిగిలిన డీజిల్ డబ్బులు డ్రైవర్‌వే అని ఓనరుతో మాట. దానికి తోడు ఓనరు ఆ నెలలోనే చవకలో దొరికిన లైనింగ్ వేయించాడు.

"మూడో మలుపు దాకా బాగానే ఉండె అల్లుడూ. తర్వాత కాలిన వాసన వచ్చింది. పెడల్ తొక్కితే కిందికి పోతున్నది గానీ బండి వింటలేదు. మళ్ళా తొక్కిన, మళ్ళా తొక్కిన. గాలి మీటరు చూస్తే పడిపోతున్నది." ఇది మామ మాట. అప్పటి గేర్ బాక్సుతో, అంత స్పీడు మీదున్న బండిని తిరిగి గేర్‌లోకి తేవడం అయ్యే పని కాదు. మామకి తోచింది ఒక్కటే. లోయ వైపు కాకుండా గుట్ట వైపు తిప్పి, రాతికి రాసుకుంటూ బండిని ఆపాడు. ఎడమ తలుపు లోపలికి నొక్కుకుపోయింది. ఎడమ సీట్లో కూర్చున్నది 16 ఏళ్ళ క్లీనరు. ఎదురుగా ఆ టైంలో బస్సు రాలేదు, అదృష్టం. చెదిరిపోయిన ఆలుగడ్డల డబ్బులు ఓనరు మామ జీతంలో కోసుకున్నాడు. కాలు విరిగిన పిల్లాడికి ఆస్పత్రి ఖర్చు మామే పెట్టుకున్నాడు.

నాకు చిన్నప్పటి నుంచి ఈ కథ తెలుసు. కానీ "బ్రేకులు ఫెయిలయ్యాయి" అంటే ఏదో పైపు తెగిపోయిందేమో అనుకునేవాణ్ణి. ఏదీ తెగలేదు. కింద చల్లారిన తర్వాత చూస్తే బ్రేకులు మామూలుగా పట్టాయట! దీని సంగతి తెలిస్తే డ్రమ్ము, డిస్కు గొడవ సగం అర్థమైపోయినట్టే.

కొంచెం లెక్క చేద్దాం, భయపడకండి, పదో తరగతి ఫిజిక్సే. అప్పటి రెండు ఇరుసుల లారీకి మొత్తం బరువు పరిమితి 16.2 టన్నులు. గంటకు 60 కిలోమీటర్ల స్పీడులో ఉన్న ఆ లారీని చదునైన రోడ్డు మీద ఆపితే, బ్రేకుల్లో పుట్టే వేడితో సుమారు 7 లీటర్ల నీళ్ళు మరిగించవచ్చు. పర్లేదు. ఇప్పుడు అదే లారీ 100 మీటర్ల ఎత్తు నుంచి ఘాట్‌లో కిందికి దిగుతోంది, స్పీడు పెరగకుండా కేవలం బ్రేకులతోనే పట్టి ఉంచుతున్నాం అనుకోండి. అప్పుడు పుట్టే వేడి 50 లీటర్లు మరిగించేంత. అంటే ఏడు రెట్లు. ఆ వేడంతా నాలుగు ఇనప డ్రమ్ముల్లోకే పోవాలి.

డ్రమ్ము అంటే పెద్ద ఇనప గిన్నె అనుకోండి. చక్రంతో పాటు తిరుగుతుంది. లోపల రెండు షూలు ఉంటాయి, చంద్రవంక ఆకారంలో. పెడల్ తొక్కితే గాలి ఒత్తిడికి ఎస్ ఆకారంలో ఉన్న క్యామ్ తిరిగి షూలను బయటికి నెడుతుంది, అవి గిన్నె లోపలి గోడకి ఒరుసుకుంటాయి. వేడెక్కితే ఇనుము పెరుగుతుంది. 40 సెంటీమీటర్ల పైచిలుకు వ్యాసం ఉన్న డ్రమ్ము 300 డిగ్రీలు వేడెక్కితే వ్యాసం 1.3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. "అంతేనా" అంటారేమో. కానీ గోడ షూ నుంచి దూరంగా జరుగుతోంది, ముఖ్యమైన సంగతి అదీ. దాన్ని అందుకోవడానికి బ్రేక్ రాడ్డు ఇంకా ముందుకు రావాలి, ఆ రాడ్డు వచ్చే దూరానికేమో ఒక హద్దు ఉంది. అడ్జస్ట్‌మెంట్ ముందే లూజుగా ఉందంటే హద్దు ఇంకా ముందే వచ్చేస్తుంది. పైగా లైనింగ్ కూడా అంత వేడికి పట్టు వదిలేస్తుంది. చవక లైనింగ్ ఇంకా తొందరగా వదిలేస్తుంది. మామ తొక్కిన ప్రతిసారీ గాలి ఖర్చయింది గానీ పట్టు రాలేదు. చల్లారాక ఇనుము తన కొలతకి తాను వచ్చేసింది, బ్రేకులు మళ్ళీ "బాగైపోయాయి".

డిస్కులో దీనికి తిరగేసి జరుగుతుంది. అది పళ్ళెం. రెండు పక్కల నుంచి ప్యాడ్‌లు దాన్ని పట్టుకుంటాయి, మీ బైకులో లాగే. వేడెక్కితే పళ్ళెం మందం పెరిగి ప్యాడ్‌ల వైపే వస్తుంది, దూరంగా పోదు. గాలికి బయటే ఉంటుంది కాబట్టి వేడి కూడా తొందరగా దిగిపోతుంది.

మరి ఇంత తేలిగ్గా తేలిపోయే విషయమైతే వందేళ్ళుగా లారీలకి డ్రమ్ములు ఎందుకు పెడుతున్నారు? మనవాళ్ళు పిసినారులు అని కామెంట్ పెట్టేసేవాళ్ళు ఆగండి. నేనూ మొదట అదే అనుకున్నాను.

ఈ రెండూ దాదాపు కవలపిల్లలు. 1902లో ఫ్రాన్సులో లూయీ రెనో డ్రమ్ బ్రేకుని ఒక కొలిక్కి తెచ్చాడు. అదే 1902లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్క్ బ్రేకుకి పేటెంటు తీసుకున్నాడు. లాంచెస్టర్ పళ్ళేన్ని పట్టడానికి రాగి ప్యాడ్‌లు వాడాడు. తొక్కితే చెవులు పగిలే కీచు శబ్దం. అప్పటి మట్టి రోడ్ల దుమ్ము ప్యాడ్‌లలో పడి గీరేసేది, తొందరగా అరిగిపోయేవి. డ్రమ్ము మూసి ఉన్న గిన్నె కదా, దుమ్ము అంత తేలిగ్గా చేరదు. దానికి ఇంకో గుణం ఉంది. తిరిగే డ్రమ్ము ముందు షూను తనతో పాటు లాక్కుపోవాలని చూస్తుంది, ఆ లాగుడుకే షూ ఇంకా గట్టిగా అదుముకుంటుంది. అంటే మీరు పది పెడితే అది పదిహేను చేసి ఇస్తుంది. గాలి బ్రేకులు లేని రోజుల్లో, డ్రైవరు కాలి బలమే దిక్కైనప్పుడు, ఇది ఎంత పెద్ద వరమో చూడండి. ఈ వరంలో ఓ మెలిక ఉంది. వేడికి పట్టు తగ్గితే ఆ లాగుడు కూడా తగ్గిపోతుంది. అంటే రెండు వైపులా నష్టం. లాభంలో ఎంత కలిసొచ్చిందో, అవసరానికి అంతా పోతుంది.

లైనింగ్ కథ ఇంకా విచిత్రం. ఇంగ్లండులో డెర్బీషైర్ కొండల్లో గుర్రబ్బండ్ల వాళ్ళు దిగువలో చక్రానికి ఒరుసుకునే చెక్క దిమ్మకి పాత తోలు బూట్లు కొట్టుకునేవాళ్ళట. హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన అది చూసి, ఇంతకంటే మంచి పదార్థం చేయొచ్చు కదా అని 1897లో పని మొదలుపెట్టాడు. తన ఇంటిపేరులోని అక్షరాలనే తారుమారు చేసి, ఇంకో అక్షరం కలిపి ఫెరోడో అని పెట్టాడు. ఇవాళ కూడా రాణిగంజ్ వైపు స్పేర్ల దుకాణాల వాళ్ళకి ఆ పేరు కొత్త కాదు. ముందు నూలు గుడ్డకి తారు లాంటివి పట్టించి చేశాడు, వేడికి మాడిపోయేది. తర్వాత 1908 ప్రాంతంలో ఆస్బెస్టాస్ వచ్చింది. మాడదు, పట్టు వదలదు, చవక. దాంతో డ్రమ్ము గెలిచేసింది. దీని దగ్గరికి మళ్ళీ వస్తాను, ఎందుకంటే ఆ గెలుపుకి బిల్లు కట్టినవాళ్ళు వేరే.

మన ఊరికి వద్దాం. 1932 జూన్‌లో నిజాం రైల్వే వాళ్ళు రోడ్డు రవాణా శాఖ మొదలుపెట్టారు. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. స్కాట్లండులో చేసిన ఆల్బియన్ బస్సులు. మన ఆర్టీసీకి పుట్టుక అదే. రైలు కంపెనీ బస్సులు నడపడం ఇప్పుడు వింతగా అనిపిస్తుంది గానీ, బ్రేకుల విషయంలో రోడ్డు రైలు దగ్గర నేర్చుకున్నది చాలా ఉంది. గాలి ఒత్తిడితో బండిని ఆపొచ్చని చూపించింది జార్జ్ వెస్టింగ్‌హౌస్, 1869లో, రైళ్ళ కోసం. లారీల్లో గాలి బ్రేకుకి తాత అదే.

స్వాతంత్ర్యం వచ్చాక మన దేశంలో లారీ అంటే రెండే పేర్లు. 1954లో జర్మనీ బెంజ్ వాళ్ళతో కలిసి టాటా వాళ్ళు లారీలు మొదలుపెట్టారు. 1955 నుంచి మద్రాసులో అశోక్ లేలాండ్. 1960లలో మద్రాసు చుట్టుపక్కల బ్రేకుల పరిశ్రమ కూడా వచ్చేసింది. 1962లో గాలి బ్రేకుల కోసం సుందరం క్లేటన్, 1964లో లైనింగుల కోసం రాణే. రాణే వాళ్ళకి తర్వాత మన హైదరాబాద్‌లో కూడా ఫ్యాక్టరీ వచ్చింది. అన్నీ డ్రమ్ము చుట్టూనే. దీనివల్ల ఏమైందంటే, కన్యాకుమారి నుంచి కశ్మీర్ దాకా ఏ ఊరి చివర బండి ఆగినా, షూ విప్పే మనిషి, లైనింగ్ కొట్టే మనిషి, డ్రమ్ము అరిగి గాడి పడితే లేత్ మీద సాపు చేసే మనిషి దొరుకుతారు. కొత్త డిజైనుకి పోటీ ఒక్క డ్రమ్ముతోనే కాదు, ఇంత పెద్ద జనంతో కూడా. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు 20 ఏళ్ళ పాత కోడ్‌ని ఎందుకు మార్చరా అని తిట్టుకునేవాణ్ణి. మార్చితే దాన్ని బాగుచేసే మనుషుల్ని కూడా మార్చాలి అని అప్పుడు తట్టలేదు.

మధ్యలో 1980లలో జపాన్ కంపెనీలతో కలిసి నాలుగు చిన్న లారీలు వచ్చాయి. అందులో ఒకటి మన హైదరాబాద్ ఆల్విన్ వాళ్ళది, నిస్సాన్‌తో కలిసి, జహీరాబాద్‌లో. ఇంకొకటి డీసీఎం టయోటా. ఆ కంపెనీ పేరు పోయి ఎన్నో ఏళ్ళైంది, అయినా బోయిన్‌పల్లి మార్కెట్‌కి టమాటా తెచ్చే ఏ మధ్య సైజు బండినైనా మనం ఇప్పటికీ "డీసీఎం" అనే అంటాం. సరే, దారి తప్పాను.

ఇప్పుడు బిల్లు సంగతి. రాణిగంజ్ దుకాణంలో అన్న పని చేస్తుంటే చూస్తున్నా. షూ మీద దుమ్ము బ్రష్షుతో తడిపి తుడుస్తున్నాడు. "ముందు ఇట్ల చేసేటోళ్ళం కాదు. నోటితో ఊదేటోళ్ళం. డ్రమ్ము విప్పంగనే ఫూ అని ఊదాలె, నల్లటి పొడి మొత్తం మొఖం మీద పడేది" అన్నాడు. ఆ పొడిలో ఉన్నది ఆస్బెస్టాస్. ఊపిరితిత్తుల్లోకి పోయిన ఆ సన్నటి పోగులు ఇక బయటికి రావు, 20, 30 ఏళ్ళకి రోగంగా బయటపడతాయి. బ్రిటన్ 1999లో, యూరోపియన్ యూనియన్ మొత్తం 2005లో ఆస్బెస్టాస్‌ని పూర్తిగా ఆపేశాయి. మన సుప్రీంకోర్టు 1995 జనవరిలోనే ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్యం వాళ్ళ ప్రాథమిక హక్కు, జీవించే హక్కులో భాగం అని తీర్పు ఇచ్చింది. కానీ ఆ తీర్పు ఫ్యాక్టరీ రిజిస్టరులో పేరున్న కార్మికుడి దాకా వస్తుంది. హబ్బు విప్పి ఊదే 16 ఏళ్ళ క్లీనరుకి రిజిస్టరు ఎక్కడిది? ఇప్పుడు పెద్ద కంపెనీల లైనింగుల మీద ఆస్బెస్టాస్ లేదని రాసి ఉంటుంది. అన్న ఆ రాత ఉన్న డబ్బాలే తెప్పిస్తాడు. కస్టమరు దానికంటే తక్కువ రేటుది అడిగితే పక్క దుకాణం చూపిస్తాడు.

డిస్కు ఏమైంది మరి? యాభై ఏళ్ళు పడుకుని లేచింది. విమానాల చక్రాలకి వాడారు. 1953లో ఫ్రాన్సులో లె మాన్స్ 24 గంటల రేసు జాగ్వార్ కారు డిస్కు బ్రేకులతో గెలిచింది. మిగతా కార్లు మలుపు చాలా ముందే బ్రేకు వేస్తుంటే ఇది ఆలస్యంగా వేసి కూడా తిరిగిపోయేది. 1955లో సిట్రోయెన్ మామూలు జనం కారుకి పెట్టింది. లారీలకి మాత్రం ఇంకో నలభై ఏళ్ళు పట్టింది. డిస్కుకి డ్రమ్ములాగా తనంతట తాను అదుముకునే గుణం లేదు. అంత బరువుని పళ్ళెం మీద నొక్కి ఆపాలంటే విపరీతమైన బలం కావాలి. కాలిపర్ లోపలే లివర్ పెట్టి గాలి బలాన్ని ఎన్నో రెట్లు పెంచే డిజైను కుదిరాక, 1996లో బెంజ్ ఆక్ట్రోస్ లారీ అన్ని చక్రాలకీ డిస్కులతో వచ్చింది. యూరప్‌లో పెద్ద లారీలు ఆ దారి పట్టాయి. అమెరికాలో 2009లో రూలు మార్చారు. గంటకి 60 మైళ్ళ మీద ఉన్న లోడు లారీ ఆగే దూరం 355 అడుగుల నుంచి 250 అడుగులకి తగ్గాలన్నారు. డిస్కే పెట్టాలని మాత్రం అనలేదు. చాలామంది ఇంకా వెడల్పైన డ్రమ్ములు పెట్టి ఆ పరీక్ష పాసైపోయారు. డ్రమ్ముని తక్కువ అంచనా వేయొద్దు అని అందుకే అంటున్నాను. ఒక్కసారి గట్టిగా ఆపడంలో మంచి డ్రమ్ము తక్కువేం కాదు. మళ్ళీ మళ్ళీ, వేడి మీద ఆపమన్నప్పుడే చేతులెత్తేస్తుంది.

మోండా నుంచి బయటికొచ్చి స్టేషన్‌కి వెళ్ళాను, ప్లాట్‌ఫారం మీద కూర్చుని చాయ్ తాగుతూ చూస్తుంటే ఒకటి తట్టింది. ఎర్రటి కొత్త రకం ఎల్‌హెచ్‌బీ బోగీలు ఆగితే కింద ఇరుసుకి పళ్ళేలు కనిపిస్తాయి, అవి డిస్కు బ్రేకులు. విశాఖ వెళ్ళే వందే భారత్‌కీ డిస్కులే. అదే స్టేషన్‌లో గూడ్సు రైలు వెళ్తుంటే చూడండి. చక్రం అంచుకి దిమ్మ వచ్చి ఒరుసుకుంటుంది, అంతే. గుర్రబ్బండి బూటు సిద్ధాంతమే. రోడ్డు మీద కూడా చూడండి. 2019లో మన ఆర్టీసీ ఎయిర్‌పోర్టు రూట్లో పెట్టిన ఒలెక్ట్రా ఎలక్ట్రిక్ బస్సులకి ముందూ వెనకా డిస్కులు. పక్కనే సిమెంటు మోస్తున్న లారీకి డ్రమ్ములు. మనుషులు కూర్చున్న బండికి డిస్కు, ఆలుగడ్డలు కూర్చున్న బండికి డ్రమ్ము! ఆలుగడ్డల బండి ఆగకపోతే దెబ్బ తగిలేది ఆలుగడ్డలకి కాదు అని ఎవరో ఒకరు లెక్కలో రాసుకోవాలి కదా.

బరువుకీ దీనికీ సంబంధం లేదనడానికి సింగరేణి చాలు. ఓపెన్‌కాస్ట్ గనుల్లో తిరిగే 100 టన్నుల తరగతి డంపర్లకి వెనక చక్రాల్లో నూనెలో మునిగి ఉండే డిస్కులు ఉంటాయి. నూనె వేడిని మోసుకెళ్ళి రేడియేటర్‌లో పారేస్తుంది, దుమ్ము బురద లోపలికి చేరే దారే లేదు. లాంచెస్టర్‌ని ఓడించిన దుమ్ముకి అక్కడ జవాబు దొరికింది. కాకపోతే ఆ బండి ధర కోట్లలో, పైగా గని దాటి బయటికి రాదు.

మన చట్టం ఏమంటుంది? 2015లో కొత్త లారీలకీ బస్సులకీ ఏబీఎస్ తప్పనిసరి చేశారు. చక్రం లాక్ అయ్యి జారిపోకుండా అది ఆపుతుంది, మంచిదే. కానీ కాలిపోయిన డ్రమ్ముకి ఏబీఎస్ ఏం చేస్తుంది, ఏమీ చేయదు. 2018 జులైలో ఇరుసు బరువు పరిమితులు పెంచారు. మామ నడిపిన తరహా రెండు ఇరుసుల లారీ 16.2 నుంచి 18.5 టన్నులకి వెళ్ళింది, పెద్ద ట్రైలర్ బండ్లు 49 నుంచి 55కి. ఓవర్‌లోడు ఎలాగూ వేస్తున్నారు, దాన్నే చట్టబద్ధం చేస్తే పోలా అన్నట్టు నాకైతే అనిపించింది. ఘాట్‌లో పుట్టే వేడి మాత్రం బరువుతో పాటే పెరుగుతుంది, నోటిఫికేషన్ చదివి తగ్గదు.

బ్రేకు వేయకుండా బండిని పట్టుకోవడం గురించి ఒక్క కథ చెప్పి బావ దగ్గరికి వెళ్దాం. 1931లో అమెరికాలో క్లెస్సీ కమిన్స్, అవును ఆ కమిన్స్ ఇంజన్ల ఆయనే, తన డీజిల్ లారీని దేశం ఈ చివర నుంచి ఆ చివరకి స్వయంగా నడుపుతున్నాడు. కాలిఫోర్నియాలో కహాన్ పాస్ అనే ఘాట్ దిగుతుంటే బ్రేకులు వేడెక్కి వదిలేశాయి. కింద రైలు గేటు, గూడ్సు రైలు వెళ్తోంది. చివరి డబ్బా దాటిన క్షణాల్లో లారీ పట్టాలు దాటేసింది. ఆ భయం ఆయన్ని వదల్లేదు. ఇంజన్‌నే బ్రేకుగా వాడే పరికరం కనిపెట్టాడు, 1961లో అది మార్కెట్లోకి వచ్చింది. మన లారీల్లో ఉండే ఎగ్జాస్ట్ బ్రేకు దానికి పేద చుట్టం లాంటిది. మామ ఆ రోజు న్యూట్రల్ చేయకుండా రెండో గేర్‌లో దిగి ఉంటే, ఆ చవక లైనింగ్‌తో కూడా బహుశా కిందికి చేరేవాడు. మామ కూడా ఇది ఒప్పుకుంటాడు. అన్న ముందు మాత్రం ఒప్పుకోడు, తల దించుకుంటాడు.

బావని తీసుకుని అన్న దుకాణానికి వెళ్ళాను. డిస్కులు వస్తే అన్నకే నష్టం, ప్యాడ్ మార్చడానికి రివెట్లు అక్కర్లేదు, హబ్బు విప్పక్కర్లేదు, సగం టైములో అయిపోతుంది. అందుకే డ్రమ్మే తీసుకోమంటాడనుకున్నా. ఆయన ముందు ప్రశ్నలు వేశాడు. క్వారీలో ఎంత దూరం? వానాకాలం బురద ఎట్లుంటది? దారిలో ఘాట్ ఉందా? కాకినాడ పోర్టు దాకా పోతావా, రైల్వే సైడింగ్ దాకేనా? నడిపేది నువ్వా, డ్రైవరా?

బావ అన్నిటికీ చెప్పాడు. ముందు ఇంజన్ బండికి డిస్కు ఉన్న మోడల్ తీసుకుని, వెనక ట్రైలర్ మాత్రం సెకండ్ హ్యాండ్‌లో డ్రమ్ముది తగిలిద్దామని ప్లాను. అన్న వెంటనే తల అడ్డంగా ఊపాడు. "అట్ల చేయకు బిడ్డా. డిస్కు ముందుగాల పట్టుకుంటది, డ్రమ్ము ఎనకాల నిదానంగ వస్తది. మొత్తం బరువు ముందల ఉన్నదే మోస్తది. ప్యాడ్‌లు ఊకె అరుగుతయ్, నువ్వు డిస్కే మంచిది కాదంటవు." నేను రెండు వారాలు చదివి తెలుసుకున్నది ఇదే. యూరప్‌లో డిస్కులు కొత్తగా వచ్చినప్పుడు సరిగ్గా ఈ జోడీ గొడవతోనే ఓనర్లు తలలు పట్టుకున్నారు. అన్నకి ఎవరూ పేపర్లు పంపలేదు, షూలు చూసి తెలుసుకున్నాడు.

నా అభిప్రాయం అడిగితే చెప్తాను. పోర్టు దాకా హైవే మీద రోజూ నడిచే బండైతే రెండిటికీ డిస్కులే పెట్టమంటాను, ధర ఎక్కువైనా సరే. ప్యాడ్‌లకి టైము తక్కువ పడుతుంది, బండి షెడ్డులో నిలబడే రోజులు తగ్గుతాయి, ఆ లెక్కలో కొంత తిరిగొస్తుంది. క్వారీకీ సైడింగ్‌కీ మధ్య బురదలో తిరిగే బండైతే రెండిటికీ డ్రమ్ములే మేలు, కానీ తనంతట తాను సర్దుకునే స్లాక్ అడ్జస్టర్లు ఉండాలి, ఎగ్జాస్ట్ బ్రేకు పని చేస్తుండాలి, లైనింగ్ బిల్లు చూసి వేయించాలి. నాకు ఒప్పుకోబుద్ధి కానిది సగం సగం జోడీ ఒక్కటే.

బావ క్యాలిక్యులేటర్ తీసి కిస్తీ లెక్క వేసుకున్నాడు. రెండిటికీ డిస్కులైతే నెల కిస్తీ ఎంత పెరుగుతుందో చూసి ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. అన్న ఒక కొత్త షూ చేతికిచ్చి, "ఇది పట్టుకుని చూడు, ఎంత బరువుందో" అన్నాడు. తర్వాత ముగ్గురం మోండా దాకా నడిచాం, అన్న కొంచెం వెనకగా. అత్త చెప్పింది కదా అని రెండు కిలోల ఆలుగడ్డ కొన్నాం.

బావ ఇంకా అడ్వాన్సు కట్టలేదు. కట్టిన రోజు షోరూమ్ నుంచే వీడియో పెడతాను. మీ ఇంట్లో లారీ నడిపినవాళ్ళు ఎవరైనా ఉంటే, ఘాట్ దిగేటప్పుడు ఏ గేర్ వేసేవాళ్ళో అడిగి కామెంట్లో రాయండి, మామకి చదివి వినిపిస్తాను. ఉంటాను మరి.